అయినవాళ్ళ కుర్చీ

పంతొమ్మిదేళ్ళుగా నా ఉద్యోగం ఒకటే. తమ పని తాము చేసుకోలేని నలుగురైదుగురు కలిసి ఉండే ఇళ్ళకి చెప్పాపెట్టకుండా వెళ్ళి, వాళ్ళని సరిగ్గా చూసుకుంటున్నారో లేదో చూసి, రాసి, సంతకం పెట్టడం. నన్ను చూసి సంతోషించినవాళ్ళు ఇంతవరకూ ఒక్కరూ లేరు. వాళ్ళు కంగారుగా తెచ్చిపెట్టే బిస్కెట్లు చూసి నేనూ ఎప్పుడూ సంతోషించలేదు. చెల్లుకు చెల్లు. నా పేరు ఫిడెల్మా కాఫ్రీ. ఆఫీసులో నా వెనక ‘కత్తి కాఫ్రీ’ అంటారని నాకు తెలుసు. అననీ, నాకేం.

ఆ అక్టోబరులో నేను వెళ్ళింది మా ఐర్లండ్ పడమటి వైపు, మేయో జిల్లాలో క్లూన్‌ఫాడా అనే ఊరికి. ఊరికి మైలు దూరంలో, రోడ్డు పక్కన, నలుగురు మగవాళ్ళుండే చిన్న ఇల్లు. నలుగురినీ చిన్నప్పుడే ‘బుద్ధి ఎదగలేదు’ అని కాగితం మీద రాసి ఎత్తుగోడల ఆసుపత్రిలో పడేశారు. ఆ గోడల మధ్యే తల నెరిశాక, పదహారేళ్ళ కిందట ఒక సంస్థ వాళ్ళని బయటికి తెచ్చి ఈ ఇంట్లో ఉంచింది. కన్సెప్టా అనే ఆవిడ ఇంటి బాధ్యురాలు. ఆమె కింద నలుగురు పనివాళ్ళు, వంతులవారీగా.

నాకన్నా ముందు మా ఆఫీసు నుంచి రెండుసార్లు వెళ్ళినాయన డబ్లిన్‌లో పుట్టి డబ్లిన్‌లో పెరిగిన మనిషి. రెండుసార్లూ ‘సంరక్షణ బాగోలేదు’ అనే రాశాడు. ‘ఏడాది మొత్తానికి సందర్శకుల పుస్తకంలో ఐదు సంతకాలు. వాటిలో మూడు పైపులు బాగుచేసేవాడివి. నివాసులకి ఊరితో ఏ సంబంధమూ లేదు, ఒంటరిగా బతుకుతున్నారు’ అని ఒకచోట. ‘వీరి ముఖ్య కాలక్షేపం చావు ఇళ్ళకి వెళ్ళడం. ఇది తగిన వినోదం కాదు. బంతి దొర్లించి కొయ్యలు పడగొట్టే బౌలింగ్ వంటి ఆటలు సూచించడమైనది’ అని ఇంకోచోట. ఆ రెండో వాక్యం చదివి నాకూ ఒళ్ళు మండింది. పాపం, జీవితమంతా గోడల మధ్య గడిపినవాళ్ళని బయటికి తెచ్చి, శవాల దగ్గరికి తిప్పుతారా?

మూడోసారి కూడా బాగోలేదని రాస్తే ఇల్లు మూతపడుతుంది. నలుగురూ నాలుగు చోట్లకి పోతారు. వాళ్ళలో డెబ్భై ఒక్కేళ్ళ ఫెస్టీ అనే ఆయనకి గాల్వేలో, ఎనభై మంచాల వృద్ధాశ్రమంలో చోటు కూడా చూసి ఉంచారు. ‘ఐదు మాటలు కలిపి మాట్లాడలేరు, మార్పుని తట్టుకోలేరు’ అని ఆయన ఫైల్లో ఉంది. ఆయన ఆ ఇంట్లో ఉంటాడా, గాల్వే పోతాడా అన్నది నేను రాయబోయే రాతమీద ఉంది. నిజం ఒప్పుకోవాలంటే, కారెక్కేసరికే నా మనసులో తీర్పు ముప్పాతిక అయిపోయింది.

మధ్యాహ్నం రెండున్నరకి మలుపు తిరిగేసరికి రోడ్డుకి రెండు పక్కలా కార్లే. అరమైలు పొడుగునా కార్లు. ఇల్లు అంటుకుందేమో అనుకున్నాను. పసుపు చొక్కా తొడుక్కున్న ఒక పెద్దాయన కార్లని పొలంలోకి మళ్ళిస్తున్నాడు. నా కారు నంబరు మీద డబ్లిన్ అక్షరం చూశాడు, నా నల్ల కోటు చూశాడు, టోపీ తీసేశాడు. నేను ఎప్పుడూ నల్ల కోటే వేసుకుంటాను, మరకలు కనబడవని.

“జార్లత్ కోసమేనా అమ్మా?” అన్నాడు.

జార్లత్ ఆ నలుగురిలో పెద్దవాడు, డెబ్భై నాలుగేళ్ళు. పేరు ఫైల్లో చదివాను. “ఆ ఇంటికేనండీ” అన్నాను.

“నిన్న పొద్దున్న నిద్రలోనే పోయాడు. గుండె. బాధపడలేదు తల్లీ, ఆ మాట మాత్రం గట్టిగా చెప్పగలను” అని, వెనక్కి తిరిగి కేకేశాడు. “ఒరేయ్, గేటు దగ్గర చోటివ్వండి. డబ్లిన్ నుంచి వచ్చారు!”

అప్పుడర్థమైంది. చావు కబురు మా ఆఫీసుకి చేరేలోపే నేను బయల్దేరిపోయాను. ఇవాళ శవాన్ని ఇంట్లో ఉంచారు, ఊరు చూడ్డానికి వస్తోంది, రేపు పూడుస్తారు. తనిఖీకి ఇంతకన్నా చెడ్డ రోజు లేదు. కానీ చావింటి గేటుదాకా వచ్చి వెనక్కి తిరిగిపోయే మనిషి మా దేశంలో ఇంకా పుట్టలేదు. మా నాన్న తనకి మాటల్లేని ఇళ్ళకి కూడా వెళ్ళి, శవం ముందు తలొంచి, చెయ్యి కలిపి వచ్చేవాడు. సరే, నేనూ వరసలో నిలబడి, చెయ్యి కలిపి, వచ్చే వారం మళ్ళీ వద్దామనుకున్నాను.

వరస గేటు దాటి రోడ్డు మీదకి వచ్చేసింది. నేను చివర నిలబడ్డాను. నిలబడనిస్తేగా! ముందున్నావిడ వెనక్కి చూసి పక్కకి జరిగింది, ఆమె ముందాయన జరిగాడు. “మీరు ముందుకెళ్ళండి అమ్మా”, “దారి, దారి” అంటూ నన్ను చేతులమీదుగా ముందుకి పంపేస్తున్నారు. వెనక గుసగుసలు.

“ఆ ముక్కు చూడవే. అచ్చం జార్లత్‌దే.”

“ముక్కేమిటి, నడక చూడు.”

నా ముక్కు మా అమ్మది. ఆ మాట చెప్పేలోపే తెరిచి ఉన్న ముందు తలుపులోంచి లోపలికి వచ్చిపడ్డాను.

ముందుగదిలో, కిటికీ కింద, శవపేటిక. తల దగ్గర రెండు కొవ్వొత్తులు. గోడ పక్కన వరసగా నాలుగు కుర్చీలు, చనిపోయినవాళ్ళ అయినవాళ్ళు కూర్చునేవి. మొదటి మూడిట్లో సూట్లు వేసుకున్న ముగ్గురు ముసలివాళ్ళు. తలవైపు మొదటివాడు, పేటిక అంచుని చేత్తో పట్టుకుని కూర్చున్నవాడు, ఫెస్టీ. ఫైల్లో ఫొటో చూశాను కాబట్టి గుర్తుపట్టాను. నాలుగో కుర్చీలో ఎనభై దాటిన ఒక ముసలమ్మ. నన్ను చూడగానే ఆవిడ కర్ర పట్టుకుని లేచింది.

“ఇది నీ చోటు. కూర్చో” అంది.

“కాదండీ, నేను—”

“కూర్చోమన్నానా!” అని నన్ను భుజంపట్టి కూలేసి, తను వెనక ముక్కాలిపీట లాక్కుని, నా చెవి దగ్గరే కూర్చుంది. ఆవిడ పేరు డీలియా హెరటీ. ఆ ఇంటికి ఆనుకున్న పొలం ఆవిడదే. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పటికి తెలిసింది ఆవిడ నోరు ఒక్కటే.

“ఇప్పుడా రావడం?” అంది గుసగుసగా. ఆ గుసగుస వంటింట్లోకి కూడా వినిపించి ఉంటుంది. “పదహారేళ్ళు మా ఊళ్ళో ఉన్నాడు. ఒక్క క్రిస్మస్ కార్డు పంపావా? ఒక్కటంటే ఒక్కటి! ఇవాళ మాత్రం కోటేసుకుని తయారు.”

“మీరు పొరబడుతున్నారు. నేను ఆయనకి—”

“చావింట్లో అబద్ధాలాడకు. చెల్లెలివా, మేనకోడలివా?”

“రెండూ కాదండీ.”

“ఓహో! వరసలు కూడా మర్చిపోయారన్నమాట!”

నేను నోరు తెరిచేలోపే నా ముందుకి ఒక చెయ్యి వచ్చింది. పాలు పితికే చెయ్యి, గరుకుగా, వెచ్చగా. “నీకెంత కష్టమొచ్చిందమ్మా” అన్నాడాయన, కళ్ళనిండా నీళ్ళతో. ఆ కళ్ళు చూస్తూ ‘నేను తనిఖీకొచ్చానయ్యా’ అని ఎలా చెప్పను? ఆయన వెనక ఇంకో చెయ్యి. దాని వెనక ఇంకోటి. తేలుకుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చున్నాను. కాసేపాగి, వరస కాస్త పలచబడ్డాక, బాధ్యురాలిని పక్కకి పిలిచి చెబుదామనుకున్నాను. వరస పలచబడలేదు.

తనిఖీల్లో మాకొక పద్ధతి ఉంది. మాటల్లో చెప్పుకోలేనివాళ్ళుండే చోట, ఒక మూల కదలకుండా కూర్చుని, వాళ్ళ దగ్గరికి ఎవరొస్తున్నారు, ఎలా పలకరిస్తున్నారు, వాళ్ళ మొహం ఎలా మారుతోంది, ఇవి చూసి రాసుకోవాలి. నేను మూలన కూర్చుంటే పనివాళ్ళు నాకోసం నటిస్తారు. పంతొమ్మిదేళ్ళలో నటన లేని గంట నేను చూసింది లేదు. ఆ రోజు మొదటిసారి చూశాను, దొంగతనంగానైనా.

చూశానా, నా మతి పోయింది.

ఊరంతా వస్తోంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఆ ముగ్గురికీ, పేరుపెట్టి పిలిచి, ఒక్కొక్కరికీ వేరువేరుగా చెయ్యి కలుపుతున్నారు. చిన్నపిల్లలతో మాట్లాడినట్టు ఒక్కరూ మాట్లాడలేదు. బడి మాస్టారు, బస్సు నడిపేవాడు, పోలీసాయన, పశువుల డాక్టరు, ఫుట్‌బాల్ జట్టు మొత్తం. ఎక్కడైనా పెద్దకొడుక్కి ఎలా చేస్తారో అలా, కాస్త వొంగి, “నీకెంత కష్టమొచ్చింది ఫెస్టీ” అంటున్నారు. ఫెస్టీ ఊరుకోవడం లేదు. ఐదు మాటలు కలపలేడని రాసిన ఆ ఫెస్టీ, ప్రతి చేతికీ ఒక జవాబిస్తున్నాడు.

“మీ అమ్మ. నీలం గౌను” అన్నాడు బస్సాయనతో.

“అవును ఫెస్టీ. నీలం గౌనే” అన్నాడాయన, చెయ్యి వదలకుండా.

“మీ నాన్న. బొటనవేలికి కట్టు” అన్నాడు పశువుల డాక్టరుతో. ఆమె రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత వచ్చినాయనతో, “మీ పాప. తెల్ల బూట్లు” అన్నాడు. ఆయన, ఆరడుగుల మనిషి, అక్కడే మోకాళ్ళమీద కూలబడి ఫెస్టీ ఒళ్ళో తల పెట్టేశాడు. ఫెస్టీ ఆ తలమీద చెయ్యి వేసి ఊరుకున్నాడు. వరస అంతా ఆగి నిలబడింది. ఎవరూ తొందర పెట్టలేదు.

“ఏమిటది? ఏమిటాయన చెప్పేది?” అన్నాను డీలియాతో, నేనెవరో మర్చిపోయి.

“ఏమిటంటావేం? తెలీదూ?” అంది ఆవిడ. నా మొహం చూసి, నిజంగానే తెలీదని నమ్మినట్టుంది. గొంతు తగ్గించింది. “వీళ్ళు ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలం మా ఆయన పోయాడు. వీళ్ళిద్దరూ, జార్లతూ ఇతనూ, గట్టు దాటి వచ్చేశారు. పిలవలేదు, ఏమీ లేదు. ఆయన పక్కన కూర్చున్నారు. జార్లత్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు, నేను కూడా పట్టుకోలేకపోయిన చెయ్యి. చల్లగా ఉందని భయపడ్డాను నేను. వాళ్ళకి భయం లేదు తల్లీ. ఆ ఆసుపత్రిలో చచ్చిపోయినవాళ్ళ దగ్గర ఎవరూ కూర్చునేవారు కాదట. పొద్దున్నే తీసుకుపోయి, పక్కబట్టలు మార్చేసేవారట. ఇంకెవరినీ అలా ఒంటరిగా వదలకూడదని వీళ్ళిద్దరూ అప్పట్లోనే అనుకున్నారో ఏమో, నాకు తెలీదు. ఆ రోజు నుంచీ ఈ ఊళ్ళో వీళ్ళు పక్కన కూర్చోని శవం ఒక్కటీ లేదు. ఎవరిని ఏం తొడిగి పడుకోబెట్టారో ఫెస్టీ ఒక్కటీ మర్చిపోడు. కన్సెప్టా తీసుకొచ్చి దింపేది, మళ్ళీ వచ్చి తీసుకెళ్ళేది. ఏ వేళైనా సరే. ఒక్కసారి కూడా ‘ఇవాళ వీలు కాదు’ అనలేదు ఆ పిల్ల.”

పదహారేళ్ళు! నేను వరసకేసి చూశాను. ఆ వరసలో ప్రతి ఒక్కరూ తమ వాళ్ళ పక్కన కూర్చున్న మనిషి కోసం వచ్చారు. మా ఆఫీసాయన బౌలింగ్ ఆడించమన్నాడు. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ వాక్యం చదివి ఒళ్ళు మండినదాన్ని నేనే కదా.

అయినా బుద్ధి ఊరుకోదు. పేటికలోకి చూస్తే జార్లత్ గడ్డం కింద చిన్న గాటు కనిపించింది, కొత్తది. నా వృత్తి నా మెడ పట్టుకుంది. “ఆ గాటేమిటి?” అన్నాను.

“ఫెస్టీ గీశాడు. యాభై ఏళ్ళుగా ప్రతి శనివారం ఇతనే అతనికి గడ్డం గీసేవాడు. నిన్న అడిగాడు, ‘గీస్తా’ అని. పేటిక తెచ్చినవాళ్ళు మేం చేస్తామన్నారు. కన్సెప్టా ఊరుకుందా? వేణ్ణీళ్ళు పెట్టి, రేజరు చేతికిచ్చి, తలుపు దగ్గర నిలబడింది. గంటన్నర పట్టింది. చెయ్యి వణికి అక్కడొక్కచోట తెగింది. గాటు కనబడకుండా పొడి అద్దుతామన్నారు, ఫెస్టీ ఒప్పుకోలేదు. ‘నాది’ అన్నాడు.”

నేను మళ్ళీ ఆ గాటుకేసి చూడలేకపోయాను. ఇన్నేళ్ళలో నేను వందల ఫైళ్ళు చదివాను, రేజరు ఎవరి చేతికీ ఇవ్వని ఇళ్ళని మెచ్చుకుని సంతకాలు పెట్టాను. ఆ గంటన్నర తలుపు దగ్గర నిలబడ్డ ఆవిడని మా ఫారంలో ఏ గడిలో రాయాలో నాకు తెలీలేదు.

“మీరు ఇక్కడికి తరచూ వస్తారా?” అని అడిగాను.

“రోజూ వస్తాను. నేనేమిటి, అందరూ వస్తారు. గుడ్లు తెచ్చేవాళ్ళు, టీకి వచ్చేవాళ్ళు, ఊరికే వచ్చేవాళ్ళు. మంగళవారాలు పేకాట.”

“మరి ఆ పుస్తకంలో సంతకం పెట్టరేం? హాల్లో, ముందు తలుపు దగ్గర ఉంది కదా.”

డీలియా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. “ముందు తలుపా? ముందు తలుపున వచ్చేది ఫాదరు, డాక్టరు, శవం. మేం వంటింట్లోంచి వస్తాం. మీ డబ్లిన్‌లో జనం ముందు తలుపున వస్తారు కాబోలు!”

నా మొహం మండ! నేను లీట్రిమ్ పల్లెలో పుట్టినదాన్ని. మా ఇంటి ముందు తలుపు మా తాత చావు దాకా ఎప్పుడూ తెరవగా చూడలేదు. గడియ తుప్పు పట్టి సుత్తితో కొట్టి తీశారు. ఆ సంగతి నాకు తెలుసు, ఒంట్లో ఉంది. అయినా ఐదు సంతకాలు చూసి ‘ఒంటరిగా బతుకుతున్నారు’ అన్న మాట నమ్మేశాను. బుద్ధి గడ్డి తినడం అంటే ఇదే.

అప్పుడు వంటింటి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, బూట్లకి మోకాళ్ళదాకా మట్టి, నిద్రలేని కళ్ళు. సమాధి తవ్వుతున్న ఊరివాళ్ళకి టీ ఇచ్చి వస్తోందిట. ఆవిడే కన్సెప్టా.

“ఇదిగో, వచ్చింది చూడు జార్లత్ వాళ్ళ మనిషి” అంది డీలియా.

కన్సెప్టా మొహంలో రంగు మారిపోయింది. కోపమేమో అనుకున్నాను. కాదు. ఆవిడ నా కుర్చీ ముందు కిందకి కూర్చుని నా రెండు చేతులూ పట్టుకుంది. “వచ్చారా! పదకొండు ఉత్తరాలు రాశానండీ మీ వాళ్ళకోసం. పాత చిరునామాలన్నిటికీ రాశాను. ఒక్క జవాబూ రాలేదు. ఎవరూ లేరనుకున్నాను. పోనీలెండి, ఆలస్యమైనా వచ్చారు. చూశారా ఎంత ప్రశాంతంగా ఉన్నాడో?”

చేతులు వెనక్కి తీసుకోబోతే ఆవిడ ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఆవిడే మళ్ళీ అంది. “ఒక్క మాట అడగాలి, ఇప్పుడే అడగాలి. సమాధి తవ్వడం మొదలుపెట్టారు. డీలియా గారి కుటుంబం చోటు అది. ఆవిడ భర్త ఉన్నచోటే జార్లత్‌కి ఒకటి, ఫెస్టీకి ఒకటి ఇచ్చారు. ఇద్దరూ కలిసి ఉండాలని. కానీ రక్తం మీది. మీరు మీ వాళ్ళ చోటికి తీసుకెళ్ళాలంటే, మా అందరికీ ప్రాణం పోయినంత పనే గానీ, కాదనే హక్కు మాకు లేదండీ.”

తన కుటుంబం సమాధి! మా దగ్గర అన్నదమ్ములు పొలం గట్ల కోసం కొట్టుకుంటారు, సమాధి చోటు కోసం అయితే తరాలపాటు మాటలు మానేస్తారు. నేను వెనక్కి తిరిగి డీలియా మొహంలోకి చూశాను.

“ఏం చూస్తావ్?” అంది ఆవిడ. “చోటు ఉంది, ఇచ్చాను. రేపు నేను పోయాక నాకు ఒకపక్క మా ఆయన, ఇంకోపక్క వీళ్ళిద్దరూ. ముగ్గురు మగాళ్ళు, ఒక్కడూ నోరు విప్పడు. ఇంతకన్నా సుఖం నాకెక్కడ దొరుకుతుంది?”

నవ్వబోయాను, రాలేదు. ఎందుకంటే ఫెస్టీ నాకేసి తిరిగాడు. ఇంతసేపటిలో మొదటిసారి. పేటిక అంచు పట్టుకున్న చేతి వేళ్ళు తెల్లబడిపోయాయి.

“జార్లత్‌ని తీసుకుపోతావా?” అన్నాడు.

ఇక కూర్చోవడం నావల్ల కాలేదు. చేతులు విడిపించుకుని లేచి నిలబడ్డాను. సంచిలోంచి కార్డు తీశాను. “నన్ను క్షమించండి. నేను జార్లత్‌కి ఏమీ కాను. నా పేరు ఫిడెల్మా కాఫ్రీ. నేను ఇన్‌స్పెక్టర్ని. తనిఖీకి వచ్చాను. ఈయన పోయిన సంగతి నాకు తెలీదు. గేటు దగ్గరే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను.”

గది చల్లబడిపోయింది. టీ కప్పుల చప్పుడు కూడా ఆగింది. కన్సెప్టా నెమ్మదిగా లేచి, గోడకి ఆనుకుంది. మూడోసారి తనిఖీ అంటే ఏమిటో ఆ గదిలో అందరికన్నా ఎక్కువ ఆవిడకి తెలుసు. మట్టి బూట్లకేసి చూసుకుంటూ నిలబడింది.

“ఇన్‌స్పెక్టరా!” అంది డీలియా. “దీనికా నా కుర్చీ ఇచ్చింది!”

తలుపు దగ్గర ఎవరో, “చావింట్లో కూడా వదలరా వీళ్ళు?” అన్నారు. న్యాయమే. నేను తలొంచుకున్నాను.

ఫెస్టీ ఒక్కడే నన్ను చూస్తున్నాడు. ఆలోచిస్తున్నాడు. ఆ ఊరికి ఆయన మాటకోసం ఆగడం అలవాటు.

“బౌలింగ్ ఆయన ఆఫీసు” అన్నాడు చివరికి.

“అవును ఫెస్టీ.”

“గాల్వే.”

కన్సెప్టా చటుక్కున తలెత్తింది. “నేను చెప్పలేదు. ఒట్టు, నేనెప్పుడూ ఇతని ముందు అనలేదు” అంది. ఎవరూ చెప్పక్కర్లేదు. నలభై ఏళ్ళు తన ప్రమేయం లేకుండా తన గురించి కాగితాలమీద రాస్తూ ఉంటే చూసినవాడు, అలాంటి సంగతులు గోడల్లోంచైనా వింటాడు.

“నన్ను తీసుకుపోతావా?” అన్నాడు.

మా ఉద్యోగంలో మొట్టమొదట నేర్పే మాట, గుమ్మంలో తీర్పు చెప్పకూడదని. తిరిగి వెళ్ళి, రాసి, పైవాళ్ళకి చూపించి, ఇరవై ఒక్క రోజుల తర్వాత ఉత్తరం పంపాలి. పంతొమ్మిదేళ్ళలో తల్లులు ఏడ్చినా, మేనేజర్లు కాళ్ళు పట్టుకున్నంత పని చేసినా, నేను ఆ గీత దాటలేదు. ‘కత్తి’ అన్న పేరు ఊరికే రాలేదు. కానీ రెండు గంటలుగా నేను చూసినదానికన్నా గట్టి సాక్ష్యం ఏ ఇంట్లో దొరుకుతుంది? మనిషి పోతే మోయడానికి నలుగురుండాలంటారు. జార్లత్ కోసం ఒక ఊరు రోడ్డు మీద నిలబడి ఉంది. ఇది సంరక్షణ కాకపోతే ఆ మాటకి నాకు అర్థం తెలీదు. ఫెస్టీ ఇరవై ఒక్క రోజులు ఎదురుచూడాలా? ఎందుకు?

“లేదు ఫెస్టీ” అన్నాను. “నిన్ను ఎవరూ ఎక్కడికీ తీసుకుపోరు. నువ్వు ఇక్కడే ఉంటావు.”

“రాస్తావా?”

“రాస్తాను. నా పేరు పెట్టి రాస్తాను. పైవాళ్ళు కాదంటే వాళ్ళ గదిలో కూర్చుని పోట్లాడతాను. అది నాకు బాగా వచ్చు.” కన్సెప్టా వైపు తిరిగాను. “మంటలు పాకకుండా ఎప్పుడూ మూసి ఉంచాల్సిన వంటింటి తలుపుని కుర్చీ అడ్డంపెట్టి తెరిచి ఉంచారు. అది కూడా రాస్తాను.”

అందరూ వంటింటి కేసి తిరిగి చూశారు. తర్వాత ఎవరో ముక్కులో నవ్వారు, నవ్వు ఒకరి నుంచి ఒకరికి హాల్లోకి, అక్కణ్ణుంచి గేటుదాకా పోయింది. కన్సెప్టా మాత్రం నవ్వలేదు. మొహం రెండు చేతుల్లో దాచుకుని, గోడకి ఆనుకున్నది ఆనుకున్నట్టే కిందకి జారి కూర్చుని, ఏడ్చింది. డీలియా వెళ్ళి ఆవిడ తలని తన పొట్టకి ఆనించుకుంది. “రాసుకో తల్లీ, తలుపు రాసుకో. ఇంకేమన్నా ఉంటే అదీ రాసుకో” అంది నాతో, మొహం అటు తిప్పుకుని.

ఫెస్టీ ఇంకా నన్నే చూస్తున్నాడు. ఏదో బేరీజు వేస్తున్నాడు. తర్వాత పేటిక అంచు మీంచి వేళ్ళు ఒక్కొక్కటే తీశాడు, కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. మోకాళ్ళు పట్టేసి ఉన్నాయి, కాస్త తూలాడు.

“ఇక్కడ కూర్చో” అన్నాడు, తన కుర్చీ చూపించి.

కూర్చున్నాను.

“చెయ్యి పట్టుకో. జార్లత్‌ది. వదలకు.” నా చెయ్యి తనే తీసి ఆ చేతిమీద పెట్టాడు. “నేను బాత్‌రూమ్‌కి పోయొస్తా.”

“హమ్మయ్య!” అంది డీలియా అక్కణ్ణుంచే. “నువ్వొచ్చి కూర్చున్న దగ్గర్నుంచీ బిగబట్టుకుని ఉన్నాడు. తను లేస్తే నువ్వు జార్లత్‌ని ఎత్తుకుపోతావని.”

ఫెస్టీ ఎవరి సాయం లేకుండా, ఒకపక్కకి ఒరుగుతూ, హాల్లోకి నడిచాడు. జనం చీలి దారిచ్చారు. జార్లత్ చెయ్యి చాలా చల్లగా ఉంది. అంతవరకూ నేను ఏ శవాన్నీ ముట్టుకోలేదు, మా నాన్నని కూడా. వరస మళ్ళీ కదిలింది. మొదట వచ్చినాయన టోపీ చేత్తో పట్టుకుని నా ముందు ఆగాడు, నేనెవరో ఇప్పుడు ఆయనకి తెలుసు. కాసేపు తటపటాయించి, చెయ్యి చాపాడు. నా కుడిచెయ్యి ఖాళీ లేదు. ఎడమచెయ్యి ఇచ్చాను.